ఇసుక బస్తా బదులు నాయనమ్మ

మా పిన్ని బస్ డిపో క్యాంటీన్‌లో వంట చేస్తుంది. ఎంతమందికి ఎంత బియ్యం పొయ్యాలో గుప్పిట చూసి చెప్పేస్తుంది కానీ ఇంట్లో ముగ్గురికి వండమంటే రోజూ మిగిలిపోతుంది. చిన్న గిన్నెలో వండటం తన వల్ల కాదని తనే ఒప్పుకుంటుంది. మనిషికి మాట తక్కువ. ఆ ఇంట్లో గొంతంతా బాబాయిదే.

బాబాయి మా ఏటిగట్టు వీధుల వరద కమిటీకి పెద్ద. మెడలో విజిల్, చేతిలో మైకు. ఏటా వానలకి ముందు డ్రిల్లు జరుగుతుంది. సైరన్ మోగగానే జనమంతా మెట్ట మీది బడికి చేరాలి, ఎంత తొందరగా చేరితే అంత మంచి మార్కు. తనిఖీకి ఒక ఆఫీసరు వాచీ పట్టుకుని వస్తాడు. మా వీధులకి వరసగా షీల్డులే షీల్డులు. అవన్నీ బాబాయి ఇంట్లో టీవీ పక్కన ఉంటాయి. వాటికి దుమ్ము దులిపేది పిన్ని.

ఆ షీల్డులు ఎలా వచ్చేవో చెప్తాను. డ్రిల్లు రోజు ఆడవాళ్ళం తెల్లారగానే పసిపిల్లల్ని చంకనేసుకుని బడికి వెళ్ళిపోయేవాళ్ళం. వచ్చేవాళ్ళందరికీ వండి పెట్టాలి కదా. ముసలివాళ్ళని కదిలించడం ఎందుకులే అని ఇళ్ళలోనే ఉంచేసి, వాళ్ళ బదులు ఇసుక బస్తాలని స్ట్రెచర్ల మీద మోసేవారు మగవాళ్ళు. బస్తా మూలగదు, మంచినీళ్ళు అడగదు, కళ్ళజోడు మర్చిపోయానని వెనక్కి పంపదు. సైరన్ మోగితే మగవాళ్ళు పరుగందుకునేవారు, మేము పొయ్యి వెలిగించేవాళ్ళం. ఎసరు మరిగేసరికి బస్తాలు వచ్చేసేవి. బాబాయి విజిల్ ఊదేవాడు, ఆఫీసరు వాచీ ఆపేవాడు.

నాయనమ్మ, అంటే బాబాయి తల్లి, ఇదంతా కిటికీ పక్క మంచం మీంచి చూసేది. ఆవిడకి ఎడమ మోకాలు బిగుసుకుపోయి కాలు వంగదు. నోరు మాత్రం ఎటు కావాలంటే అటు వంగుతుంది. మా అబ్బాయి నన్నెంత భద్రంగా మోసుకుపోతున్నాడో చూడమని పక్కింటి ముసలావిడకి బస్తాని చూపించేది.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. భోజనాల ముందు బాబాయినీ కమిటీ వాళ్ళనీ కూర్చోబెట్టి అడగాల్సినవన్నీ అడిగేవాడు. సైరన్ అందరికీ వినపడిందా, దారి అందరికీ తెలుసా, ఎవరైనా మిగిలిపోయారా? వినపడింది, తెలుసు, ఎవరూ లేరు అని బాబాయి గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. ఆఫీసరు వెళ్తూ వెళ్తూ బడి వంటింట్లోకి తొంగిచూసి, వంట బాగుందమ్మా అనేవాడు. ఆడవాళ్ళ తనిఖీ అంతటితో సరి. అప్పుడు నాకు కోపం రాలేదు, పైగా ముచ్చటేసేది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

నిజమైన వరద వచ్చిన రోజు మగవాళ్ళంతా ఏటికి అవతల మిల్లులో పనిలో ఉన్నారు. వంతెన మూసేశారు. పగటిపూట సైరన్ మోగింది. క్యాంటీన్‌కి సెలవు కావడంతో పిన్ని ఇంట్లోనే ఉంది. సైరన్ అంటే మాకు తెలిసిన పని ఒక్కటే. వసారాలో ఉండే పెద్ద గుండిగ బయటికి తీసింది, మమ్మల్ని కేకేసింది. నాయనమ్మతో, మీ అబ్బాయి వచ్చి తీసుకొస్తారు, కంగారు పడకండి అత్తయ్యా అని చెప్పి బయల్దేరింది. ప్రతి ఇంట్లోనూ అదే జరిగింది. పిల్లల్నీ బియ్యాన్నీ ఎత్తుకుని మెట్టెక్కాం. పొయ్యి వెలిగించాం. బియ్యం కడిగింది నేనే.

ఎసరు మరిగింది. బస్తాలు రాలేదు. పిన్ని బడి అరుగు మీదికి వెళ్ళి, మా వీధుల్లోంచి బడికొచ్చే సందువైపు చూసింది. సందులో మనుషుల్లేరు, గోధుమరంగు నీళ్ళున్నాయి.  గబగబా వంటింట్లోకి వచ్చింది. మసిగుడ్డ పట్టుకుని మరుగుతున్న ఎసరు నేల మీద కుమ్మరించి, ఖాళీ గుండిగకి ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క నేను పట్టుకున్నాను. మిగతావాళ్ళు తలో ఇంటికీ పరుగెత్తారు.

నాయనమ్మ మంచం కింద నీళ్ళు ఆడుతున్నాయి. గుండిగలో కూర్చోబెట్టి నీళ్ళ మీద తోసుకుంటూ తీసుకొచ్చాం. వంగని కాలు అంచు మీంచి బయటికి చాచుకుని, లోపల ఇంకా వేడిగా ఉందని దారి పొడుగునా సణిగింది. ఆ రోజు మా వీధుల్లో ఎవరూ పోలేదు. అది మా తెలివి కాదు, ఏరు మెల్లగా పెరగడం మా అదృష్టం.

నీళ్ళు తీశాక ఆఫీసరు బడికి వచ్చాడు. అంతా డ్రిల్లు ప్రకారమే జరిగిందని బాబాయి మొదలుపెట్టాడు. మీరు ఆ రోజు అవతలి ఒడ్డున ఉన్నారు కదండీ అని ఆఫీసరు లేచి, మొదటిసారి వంటింటి గడప దాటి లోపలికొచ్చాడు. సైరన్ మోగగానే ఏం చేశారమ్మా అని పిన్నిని అడిగాడు.

"ఎసరు పెట్టామండి" అంది పిన్ని.

ఆయన నవ్వాడు. మేమెవరం నవ్వలేదు. ఆయన నవ్వు ఆపేసి, బోర్లించిన గుండిగ మీద కూర్చున్నాడు. పిన్ని చెప్పడం పూర్తయ్యేదాకా లేవలేదు.

మళ్ళీ డ్రిల్లు దగ్గరపడింది. ఈసారి పొయ్యి వెలిగించననీ అత్తయ్యని తీసుకుని నడుస్తాననీ పిన్ని బాబాయితో చెప్పింది. ఇంట్లో పెద్ద రభసే అయింది. షీల్డు పోతుందన్నాడు, వచ్చినవాళ్ళు పస్తుంటారన్నాడు, నలుగురిలో నా పరువేం కానన్నాడు. పిన్ని వింటూ బియ్యం ఏరుకుంది. చివరికి నాయనమ్మే తేల్చింది.

"ఒరేయ్, ఇన్నేళ్ళూ బస్తాకే దక్కింది ఆ భోగం. ఒక్కసారి నన్ను మొయ్యరా."

తల్లి మాట కాదనలేక మోశాడు. స్ట్రెచర్‌కి ముందు బాబాయి, వెనక పిన్ని. వీధి బాగానే దాటారు. సందు మలుపులో స్ట్రెచర్ ఇరుక్కుంది. బస్తాతో అయితే అక్కడ నిలువుగా ఎత్తి తిప్పేసేవారు. బస్తా వంగేది, నాయనమ్మ కాలు వంగలేదు. ఎత్తబోతే ఆవిడ జారిపోయింది. గోడనీ స్ట్రెచర్‌నీ రెండు చేతులా పట్టుకుని వణికింది. ఆవిడ అలా భయపడటం నేనెప్పుడూ చూడలేదు, వరదలో కూడా. కమిటీలో ఒకాయన దగ్గరికొచ్చి, పెద్దావిణ్ణి ఇంట్లో దింపేసి బస్తా తెచ్చేద్దామా అని మెల్లగా అడిగాడు.

బాబాయి ఆయన వైపు చూడలేదు. స్ట్రెచర్ మీదుగా పిన్నిని చూశాడు.

"ఆ రోజు నేను ఇంట్లో ఉన్నా ఇక్కడే ఆగిపోయేవాణ్ణి కదే."

"ఆగిపోయేవారు" అంది పిన్ని.

బాబాయి తల్లిని వీపు మీదికి ఎక్కించుకున్నాడు. ఆవిడ కొడుకు జుట్టు పట్టుకుంది, కాలు పక్కకి పొడుచుకొచ్చి గోడలకి తగులుతూనే ఉంది. పిన్ని ఆ కాలికి అరచెయ్యి అడ్డం పెట్టి పక్కనే నడిచింది. షీల్డు పోయిందని మలుపు దగ్గరే అందరికీ తెలిసిపోయింది. బడి వంటింట్లో కమిటీ మగవాళ్ళు వెలిగించిన పొయ్యి, మంట లేకుండా పొగ మాత్రం ధారాళంగా ఇస్తోంది.

బాబాయి నాయనమ్మని అరుగు మీద దింపి, అలవాటుగా విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఆఫీసరు వాచీ మీద వేలుంచి ఎప్పటిలాగే అడిగాడు, ఎవరైనా మిగిలిపోయారా అని. బాబాయి విజిల్ తీసేశాడు.

"మా ఆవిణ్ణి అడగండి" అన్నాడు.

పిన్ని బడి మెట్లవైపు చూసింది.

"పక్కింటి ముసలావిడ ఇంకా ఎక్కుతోందండీ. వాచీ ఆపకండి."