సీసా తుడవొద్దన్న టీచరమ్మ

మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ మంగళారం పొద్దుగాల పోయింది. బర్రె పాలు పిండుతుంటే మా కొడుకు వచ్చి చెప్పిండు. నేను రెండో తరగతి దాంక చదివినోన్ని. అయినా ఆమె గురించి రాయకపోతే నాకు బువ్వ దిగుతలేదు. తప్పులుంటే మీరే దిద్దుకోండ్రి.

ఎవరింటికి పోయినా ఆమె ఛాయ్ ముట్టకపోతుండె. ముందుగాల పిల్ల పాలసీసా అడిగి, మూత తీసి వాసన చూస్తుండె. ఆడోళ్లు చాటుంగ పోలీసమ్మ అంటుండిరి. "కంటికి కనవడని మురికే కడుపుల వడ్తది" అని ఆమె మాట. విని నవ్వినోళ్లల్ల నేనే ముందు.

మా కోడలికి పాలు చాలక డాక్టరు డబ్బపాలు రాసిండు. కోడలు ఎయిర్‌పోర్టుల డ్యూటీకి పోతే మనుమరాలికి పాలు కలిపేది నేనే. మూడో నెలల పిల్లకు మోషన్లు పట్టుకున్నయి. దవాఖానల నాలుగు దినాలు. ఏడ్వనీకె సుత సత్తువ లేకుండె దానికి. నేను పాలపిండిని తిట్టిన, అమ్మిన దుకాణపోన్ని తిట్టిన.

పిల్ల ఇంటికొచ్చినంక టీచరమ్మ వచ్చి, ఎట్ల కలుపుతవో చేసి చూపెట్టమన్నది. సీసా కడిగిన, నీళ్లల్ల మసలబెట్టిన. బయటికి తీసి, భుజం మీది తువ్వాలతోని లోపలి దాంక మంచిగ తుడిచిన.

"గదే తువ్వాలతోని బర్రె మూతి తుడిచినవు, మెడ చెమట తుడిచినవు. ఇగ మసలబెట్టుడు ఎందుకు బాపు?"

వాకిట్ల ఉన్నోళ్లు నవ్విండ్రు. నాకు మండింది. ఇరవై బర్లను సాకినోనికి నువ్వు నేర్పుతవా, నడువు అన్న. ఆమె నడువలే. సీసాను మల్ల మసలబెట్టి, కడిగిన పళ్లెంల బోర్లిచ్చి పక్కనే కూసున్నది. "తుడవకు. దాని తడి దాన్నే కారనియ్యి" అన్నది.

ఆనాటి నుంచి తుడవలే. పిల్ల మల్ల దవాఖాన మొకం చూడలే. గిప్పుడు బడికి పోతున్నది. గని ఆ మాట టీచరమ్మకు చెప్పిన్నా? పిల్ల మంచిగుందా బాపు అని తొవ్వల అడిగితే, ఆఁ అని మొకం తిప్పుకుంటి. గింత పొగరు దేనికో నాకే తెల్వది.

శవం కాడ అందరు దేవత అన్నోళ్లే. నా పక్కనే ఒక పిల్లతల్లి ఎక్కెక్కి ఏడుస్తున్నది. ఆమె చేతుల సీసా మన్నుల వడ్డది. సీసా రబ్బరు పీకను కొంగుతోని తుడిచి, బిడ్డ నోట్ల పెట్టబోయింది. గిదా ఇన్నేండ్లు మనం నేర్సుకున్నది? తుడవకు బిడ్డా, ఇంటికి పోయి మసలబెట్టు అన్న.

"టీచరమ్మ పోంగనే నువ్వు తయారైనవా తాతా?" అన్నది.

"ఆమె చెప్పవట్టే నా మనుమరాలు బతికింది" అన్న. అందరు విన్నరు. వినాల్సినామె పాడె మీద పండుకొని ఉన్నది.

ఇంట్ల ఇప్పుడు చిన్న మనుమడున్నడు. పొద్దున వాని సీసా పళ్లెంల బోర్లిచ్చిన. చెయ్యి పాత అలవాటుకు భుజం మీది తువ్వాల దాంక పోయి ఆగింది. సీసా అంచుకు ఒక చుక్క జారింది. ఇంకోటి జారేదాంక కూసున్న.