గడప లోపలి తమిళం

మొన్న మార్కెట్ యార్డులో మా పసుపు కుప్ప పక్కన నిలబడి ఉంటే వెనుక నుంచి తమిళం వినబడింది. ఈరోడు నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఫోనులో ఇంటివాళ్లతో మాట్లాడుతున్నాడు. బిడ్డకు జ్వరమట, మందు వేశారా లేదా అని కోపం చేస్తున్నాడు. పసుపు దుమ్ముకు గొంతు మండుతోంది, కళ్లు నీళ్లు కారుతున్నాయి, చెవిలో మాత్రం ఆ మాటలు చల్లగా పడ్డాయి. పక్కనే ఉన్న మా కాక, అంటే నాన్న తమ్ముడు, అది విని నవ్వి, ముప్పై ఏళ్లుగా చెబుతున్న కథే మళ్లీ ఎత్తుకున్నాడు. "మనింట్ల కిరాయికున్న అరవామె యాదికున్నదా? ఏం పొగరుండె ఆమెకు. గడప లోపట తెలుగు మాట రానియ్యకపోయేది. ఆఖరుకు ఆర్మూరే దారికి తెచ్చింది."

మామూలుగా అయితే అక్కడే తగువు పెట్టుకునేదాన్ని. నా నోటి సంగతి ఊరందరికీ తెలుసు. కానీ ఈ మధ్య వాదించే ఓపిక తగ్గింది. ఒకే అబద్ధాన్ని ఎన్నిసార్లని దిద్దుతాం? అందుకే రాస్తున్నాను. ఆమెకు పొగరు లేదు. ఆమెను దారికి తెచ్చింది మా ఊరు ఆర్మూరు కాదు. నేను.

ఆమె పేరు పూంగొడి. అరవామె అని పిలిస్తే, నాకొక పేరుంది, నా భాషకూ ఒక పేరుంది, రెండూ పలకడం కష్టమేమీ కాదు అని ఒకసారి మా అమ్మ ముఖం మీదే చెప్పింది. అమ్మ నొచ్చుకుంది గానీ మరునాటి నుంచి పూంగొడీ అనే పిలిచింది. ఎనభైల నడుమ ఆమె భర్త ఈరోడు వ్యాపారి ఒకరి తరఫున ఇక్కడ పసుపు కొనడానికి వచ్చి మా ఇంటి ముందు భాగంలో కిరాయికి దిగాడు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు కయల్ ఎనిమిదో తరగతిలో నా బెంచీలోనే కూర్చునేది. పూంగొడిని నేను అత్తా అనేదాన్ని.

ఆమెకు తెలుగు రాక కాదు. అంతకుముందు పదేళ్లు దుగ్గిరాల పసుపు మార్కెట్టు దగ్గర ఉన్నారు. ఆర్మూరు వచ్చిన ఏడాదిలోనే కూరగాయలమ్మే ఆమెతో మా కంటే మంచిగా బేరమాడేది. చిక్కల్లా కయల్‌తో. దుగ్గిరాలలో ఇరుగుపొరుగు చేతుల్లో పెరిగిన పిల్లకు తమిళం అర్థమయ్యేది, నోటికి వచ్చేది కాదు. అందుకే ఇక్కడ గడప కట్టుబాటు పెట్టింది. గడప బయట ఏ భాషైనా సరే, లోపల తమిళమే. ఎవరైనా పలకరించడానికి వస్తే తానే బయటికొచ్చి అరుగు మీద కూర్చుని, ఎంతసేపైనా తెలుగులో మాట్లాడేది. ఆమె బయటికి రావడం ఎవరికీ కనబడలేదు. తమను లోపలికి రమ్మనలేదన్నదే అందరికీ కనబడింది.

నేను ఊరుకునే రకం కాదు. ఒకరోజు అరుగు మీద బియ్యం ఏరుతుంటే అడిగేశాను. "మీ భాష గంత గొప్పదైతే గడప లోపట కట్టేసుడెందుకత్తా?"

ఆమె చేతులు ఆగలేదు. "ఊరు నిండ మీ భాషే ఉన్నది పిల్లా. నా భాషకు ఈ ఊర్ల నాలుగు గోడలే ఉన్నయి. గవి గూడ ఇచ్చెయ్యమంటవా?"

నేనూ పక్కన కూర్చుని బియ్యం ఏరాను.

ఆదివారం పొద్దున పళ్లెంలో బియ్యం పోసి కయల్ చేత అక్షరాలు దిద్దించేది. నీకు రాదులే అని కయల్ అన్నందుకు, కేవలం పంతం కొద్దీ నేనూ వెళ్లి కూర్చున్నాను. అక్షరాల మధ్య ఆమె ఏవేవో చెప్పేది, అంతా తమిళంలోనే. మదురై చుట్టూ కొండగుహల్లో సన్యాసుల కోసం చెక్కిన రాతి పడకలున్నాయట. వాటి దగ్గర దానం చేసినవాళ్ల పేర్లు రెండు వేల ఏళ్ల నాటి లిపిలో ఉన్నాయట. అందులో ఉప్పు అమ్ముకునేవాడి పేరు కూడా ఉందని చెప్పేటప్పుడు ఆమె గొంతు మారేది. రాజుల సంగతి వదిలెయ్, ఉప్పు అమ్ముకునేవాడికి తన పేరు తన భాషలో రాతి మీద ఉండాలనిపించింది చూడు, అనేది. నాకు మొదట్లో సగమే తెలిసేది. ఏడాది తిరిగేసరికి మొత్తం తెలిసింది.

ఆమె కాలేజీలో ఉండగా హిందీని తమ మీద రుద్దొద్దని విద్యార్థులు రోడ్లెక్కారు. లాఠీ దెబ్బకు వాళ్లన్న చెయ్యి విరిగింది. అప్పటికి వాళ్లమ్మకు చదువు రాదు. కొడుకు ఏ అక్షరాల కోసం చెయ్యి విరగ్గొట్టుకున్నాడో అవే తనకు రావని సిగ్గుపడి, నలభై దాటాక పక్కింటి పిల్ల దగ్గర కూర్చుని నేర్చుకుందట. కయల్ ఆమెను అమ్మిచ్చి అనేది. అమ్మమ్మను వాళ్ల దిక్కు అలాగే పిలుస్తారు. ప్రతి ఆదివారం కయల్ అమ్మిచ్చికి ఉత్తరం రాయాలి. పూంగొడి అది చదివేది కాదు. వాళ్లిద్దరి మాటల్లో తనకేం పని అనేది. మడిచి అంటించిన ఇన్‌లాండ్ లెటరు మీద చిరునామా రాసి, తానే వెళ్లి పోస్టు డబ్బాలో వేసి వచ్చేది.

ఆ ఉత్తరాలు నేను రాశాను. రెండేళ్లు.

కయల్‌ను తప్పుపట్టలేను. బయట గలగలా మాట్లాడే పిల్ల గడప లోపల ఆమా, ఇల్లై, అంటే అవును, కాదు, ఈ రెండు మాటల మీద బతికేది. "బడిల అందరు నవ్వుతుండ్రే సుజాతా. ఈడ ఎవ్వలతోని మాట్లాడాలె గా భాష?" అని ఏడ్చింది. నా లెక్కలు తను చేసింది, తన ఉత్తరాలు నేను రాశాను. నాకు పాపభయమేమీ లేదు. గర్వంగా కూడా ఉండేది. మొదట్లో ఆరోగ్యమా, క్షేమమా అని రాసేదాన్ని. తర్వాత రాయడానికి ఏమీ లేక మా నాన్నమ్మ గురించి రాశాను. మెండోరలో మా చేను, పసుపు ఉడకబెట్టే పెద్ద కడాయి, కొమ్ము ఉడికిందో లేదో నాన్నమ్మ పుల్లతో గుచ్చి చూడటం, ఆమె మోకాళ్ల నొప్పి. కయల్ రాసినట్టే ఉండాలని పక్కింటి ముసలామె అని రాశానంతే. అమ్మిచ్చి కూడా పసుపు పండించిన మనిషే. పుల్లెందుకు, ఆవిరి వాసన చూస్తే తెలుస్తుందని చెప్పు ఆమెకు, అని జవాబు రాసింది. నేను ఆ మాట నాన్నమ్మకు చేరవేశాను. నాన్నమ్మ మండిపడింది. అదీ రాశాను.

మూడో ఏడు, సరిగ్గా పసుపు ఉడకబెట్టే రోజుల్లో, అమ్మిచ్చి వచ్చింది. నేను వెళ్లేసరికి చాప మీద కూర్చుని ఉంది. ఒళ్లో దారంతో కట్టిన నీలం ఉత్తరాల కట్ట. ఎదురుగా కయల్. ఆ కడాయి చూద్దామనే ఇంత దూరం వచ్చాను, ఎప్పుడు తీసుకెళ్తావు అని అడుగుతోంది. కయల్ ఆమా అంది. ఆ ముసలామె మోకాలి నొప్పి తగ్గిందా? ఆమా. అమ్మిచ్చి నవ్వింది. ఆమా ఏమిటి, తగ్గిందా, ఇంకా నొప్పేనా? కయల్ నా వైపు చూసింది.

నా నోరు ఆగలేదు. తగ్గలేదు అమ్మిచ్చీ, కూర్చుంటే లేవలేకపోతోంది, అన్నాను. తమిళంలో.

అన్నాక తెలిసింది. వంటింటి గుమ్మంలో పూంగొడి కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. అమ్మిచ్చి నన్ను చూసింది, ఒళ్లోని కట్టను చూసింది, తర్వాత తన కూతురిని చూసింది. నన్ను దగ్గరికి పిలిచి, నీ రాత బాగుంటుంది అని మాత్రం అంది. మరునాడు నాతోనే మెండోర వచ్చి నాన్నమ్మ పక్కన కూర్చుంది. ముసలివాళ్లిద్దరూ ఆవిరి మీద, పుల్ల మీద నా నోటితో కొట్లాడుకున్నారు. కయల్ రాలేదు.

పది రోజులకు అమ్మిచ్చి వెళ్లిపోయింది. ఆ మర్నాడు వంటింట్లోంచి పూంగొడి పిలవడం వినిపించింది. "కయల్, అన్నం తిందువు రా." తెలుగులో. గడప లోపల ఆమె నోట తెలుగు వినడం అదే మొదలు. అది విని కయల్ ఏడ్చింది. వాడకట్టంతా సంతోషించింది.

నేను ఉండబట్టలేక వెళ్లాను. "నాకొస్తది గదత్తా. నాతోని మాట్లాడు," అన్నాను.

"నీకొస్తదని నాకు ఎరుకే." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నీకు రావాలని కాదు గద పిల్లా, నేను గడప కాసింది."

ఆ తర్వాత పళ్లెంలో బియ్యం పోయలేదు. తొంభైల మొదట్లో వాళ్లు ఈరోడు వెళ్లిపోయారు. అక్కడ కయల్‌కు ఏడాదిలో తమిళం వచ్చేసిందట, ఎవరూ కాపలా లేకుండానే. కానీ అప్పటికి అమ్మిచ్చి లేదు.

నిజామాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు ఒక లెక్చరర్ నా మాట తీరు చూసి క్లాసు ముందు నవ్వాడు. ఇది మా నాన్నమ్మ మాట సార్, నచ్చకపోతే ఆమెకే చెప్పుండ్రి, అన్నాను. అందరూ అది నా పొగరనుకున్నారు. ఆ మాట అనేంత ధైర్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తారు. గడప కాయాలని ఒకటి రెండుసార్లు అనుకున్నాను, చేతకాలేదు. తమిళం ఇప్పటికీ కూడబలుక్కుని చదువుతాను; మాట్లాడేందుకు ఈ ఊర్లో మనిషి లేడు.

పూంగొడి పోయి ఆరేళ్లయింది. బతికి ఉండగా అడగలేకపోయాను. ఇన్‌లాండ్ కాగితం పలచన, సిరా వెనక్కి కనబడుతుంది. బియ్యంలో నా వేలు, కయల్ వేలు రెండూ దిద్దించిన మనిషి ఆమె. పక్కకు వాలే నా అక్షరాన్ని ఆమె గుర్తుపట్టకుండా ఉంటుందా? ఆ రెండేళ్లూ చిరునామా రాస్తున్నప్పుడు నీకు తెలుసా అత్తా? తెలిసీ పోస్టు చేశావా?