అవ్వ కట్టుడు పళ్లకు దొరికిన అడ్రసు

ఎనభైల చివర్లో నేను బొంబాయి ఫోర్టు పేటలోని ఒక కొరియర్ ఆఫీసులో కంప్యూటర్ నడిపేవాణ్ణి. పొద్దున అది నిద్ర లేచేలోగా పూణే వెళ్లి, భోంచేసి, కునుకు తీసి తిరిగి రావచ్చు. దాని గదికి ఏసీ ఉండేది, మా సేఠ్ గదికి ఫ్యాను. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. కామాటిపురాలో మేముండే చాల్‌లో, అంటే ఆ వరసగదుల మేడలో మాత్రం నేను విమానం నడుపుతున్నట్టే లెక్క.

నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. ఒక్కో పేటలో పార్సిళ్లు పంచే చిన్న కొరియర్‌వాళ్లను మేము పార్ట్‌నర్లు అనేవాళ్లం. దాదర్ అని కొడితే దాదర్ పార్ట్‌నర్ పేరు వచ్చేది. నాగ్‌పాడా అని కొడితే సైకిల్ మీద తిరిగే ఒక మరాఠీ ఆయన పేరు. కామాటిపురా అని కొడితే పేరుండాల్సిన చోట ఖాళీ, పక్కన 'సర్వీస్ లేదు'. మనిషి చంద్రుడి మీదికి వెళ్లొచ్చాడు గానీ, నాగ్‌పాడాలో రోడ్డు దాటి మా గల్లీకి రావడం మానవమాత్రుడి వల్ల కాదని ఆ యంత్రం అభిప్రాయం. ఈ కవరేజ్ వివరాలు వారం వారం ఫ్లాపీలో హైదరాబాద్ ఆఫీసుకు వెళ్లేవి. అందులో లేని పేటకు వాళ్లు పార్సిల్ తీసుకోరు.

ఆ ఏడు బతుకమ్మ ముందు మా పక్కగది అవ్వ పాలమూరులో బిడ్డ ఇంటికి వెళ్లి, కట్టుడు పళ్లను గూట్లో స్టీలు గ్లాసులో మరిచిపోయి వచ్చింది. మా చాల్‌లో బతుకమ్మ పాట ఎత్తేది ఆమే. ఆమె గొంతెత్తితే గ్రాంట్ రోడ్‌లో రైళ్లు ఆగిపోయేవి. స్టేషన్ కాబట్టి ఎలాగూ ఆగుతాయనుకోండి. పళ్లు లేకుండా ఎత్తి చూస్తే పాటకు బదులు గాలి వచ్చింది. ఎదుటి గ్యాలరీలో బట్టలు ఆరిపోయాయి.

పండగకు ఊరికి పోయేవాళ్లే గానీ ఊరి నుంచి వచ్చేవాడు ఒక్కడూ లేడు. అల్లుడు ఆ పళ్లను హైదరాబాద్ ఆఫీసుకు పట్టుకెళితే కామాటిపురా పేరు వినగానే వెనక్కి పంపారు.

"అవ్వా, మా ఆఫీసు అడ్రసు రాయిద్దాం. నేనే తెస్త," అన్నాను.

"నా పండ్లు నీ జేబుల వస్తయా?"

"పోనీ, మన ఉత్తరాలొచ్చే గ్రాంట్ రోడ్ దుకాణం అడ్రసు ఇద్దాం. అందరం అదే ఇస్తం గద."

అది నిజమే. ఈ పేటను కట్టిన కూలీల మనుమలమే మేమంతా. కానీ కామాటిపురా అనగానే ఊళ్లో జనానికి గుర్తొచ్చేది ఆ పక్కనున్న సానికొంపల గల్లీల సంగతి. మొహాలు మారిపోయేవి. అందుకని చాల్‌లో ప్రతి ఇల్లూ, మా ఇంటితో సహా, గ్రాంట్ రోడ్ అనే రాసేది.

"మా ముసలాయన బతికినన్ని దినాలు గ్రాంట్ రోడ్ అనే రాపిచ్చిండు," అంది అవ్వ. "నేను ఒక్క రాత్రన్న గ్రాంట్ రోడ్ల పండుకున్ననారా? రైలెక్కనీకె పోయిన, దిగనీకె పోయిన. కాపురం ఈడ జేసిన, పిల్లల ఈడ గన్న. పండ్లు ఈడికే రావాలె. నా పేరు మీద, నా గల్లీకి."

"రాకుంటే?"

"ఈ యేడు పాట లేదు."

మర్నాడు సేఠ్ కాళ్ల దగ్గర వాలిపోయాను. "అరే భాయ్, మాల్ కిధర్ హై?" అన్నాడాయన, సరుకేదీ అని. ఆ పేట నుంచి నాలుగు పార్సిళ్లు కనబడితే పార్ట్‌నర్‌ను తానే ఒప్పిస్తానన్నాడు. తెర మీద చూస్తే కామాటిపురాకు ఎదురుగా సున్నా. గ్రాంట్ రోడ్ మాత్రం పొంగి పొర్లుతోంది. మా వాళ్లు పండగకు ఊరికి చీరలు, చొక్కాలు పంపేది మా ఆఫీసు నుంచే. పంపినవారి చోటు దగ్గర రాసేది గ్రాంట్ రోడ్! మా పేటను కంప్యూటర్ దాచలేదు, మేమే దాచాం.

ఈ మాట అవ్వకు చెప్పాను. తెల్లారేసరికి ఆమె చాల్ అంతటికీ ఉన్న ఒక్క నల్లా పక్కన బిందె పెట్టుకుని కూర్చుంది.

"ఊరికి మూట పంపేటోళ్లు మన గల్లీ పేరే రాయాలె. గ్రాంట్ రోడ్ రాసినోళ్లకు ముందట నా బిందె ఉంటది. సుక్క సుక్క నింపుత."

"అవ్వా, మా మామ జూస్తే ఏమనుకుంటడు?" అన్నాడు మేస్త్రీ ఒకాయన.

"ఏమనుకుంటడు? చీర మంచిగుందనుకుంటడు."

ఆ బిందెకు భయపడ్డారో, ఆమె మాటకు కట్టుబడ్డారో, ఆ వారం కామాటిపురా పచ్చటి అక్షరాలతో కళకళలాడింది. సేఠ్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, నాగ్‌పాడా పార్ట్‌నర్‌ను పిలిపించాడు. ఆయన సైకిల్ హ్యాండిల్ పట్టుకుని ఏడుపొక్కటే తక్కువ. ఆ గల్లీలో తన సైకిల్ ఎవరి కంటనైనా పడితే పెళ్లాం గడప తొక్కనివ్వదట. చాల్‌కు తీసుకొచ్చి అవ్వ ముందు నిలబెట్టాను.

"నీ బాయకోను, నీ పెండ్లాన్ని గూడ తోల్కరా," అంది అవ్వ బోసినోటితో, సగం తెలుగు, సగం మరాఠీ కలిపి. "మాతోని బతుకమ్మ ఆడుతది. ఎసొంటోళ్లమో సూసుకుంటది."

ఆయన నవ్వు ఆపుకోలేక ఒప్పుకున్నాడు. తెర మీది ఆ ఖాళీలో ఆయన పేరు కొడుతున్నప్పుడు శాసనం చెక్కించే చక్రవర్తి కూడా నా ముందు గుమాస్తా. ఫ్లాపీ హైదరాబాద్ వెళ్లింది.

సద్దుల బతుకమ్మ నాడు, దాదర్ నుంచి తెచ్చిన బంతిపూలతో ఆడవాళ్లు బతుకమ్మను పేరుస్తుండగా సైకిల్ బెల్లు మోగింది. ముందు డబ్బా, వెనక క్యారియర్ మీద పట్టుచీరలో ఆయన భార్య. అవ్వ డబ్బా విప్పలేదు. నా చేతికిచ్చింది.

"సదువు."

ఆమె పేరు, గది, గల్లీ, కామాటిపురా. చదివాను.

"ఇంకోపాలి. ఎదురు గ్యాలరీకి ఇనవడాలె."

గొంతు చించుకుని చదివాను. ఆ సేఠ్‌కు, ఆ సైకిల్‌కు, క్యారియర్ మీద కూర్చుని వచ్చిన ఆ ఇల్లాలికి, చివరికి ఆ ఏసీ యంత్రానికి కూడా ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. వాళ్లలో ఎవరు అడ్డం తిరిగినా నేను ఆ కేక పెట్టేవాణ్ణి కాదు.

అవ్వ పళ్లను నల్లా కింద కడిగి, నోట్లో సర్దుకుని, పాట ఎత్తింది. మరాఠీ ఇల్లాలు ఒక చప్పట్టు ముందూ ఒక చప్పట్టు వెనకా వేస్తూ వలయంలో తిరిగింది. గ్రాంట్ రోడ్‌లో రైళ్లు ఆగాయి. ఈసారి స్టేషన్ అయినందుకు కాదు.