పరాయి ఊళ్లో సమాధుల పండగ

మరియదాసుది పాలకొండ. కొండపల్లి థర్మల్ స్టేషన్‌కి ఫిట్టరుగా వచ్చి మూడేళ్లయినా అద్దెగదిలో గోడకి ఒక్క మేకు కొట్టలేదు. చొక్కాలు కిటికీ ఊచలకే వేలాడేవి. డ్యూటీ దిగగానే, బూడిద ఉన్నా లేకపోయినా, కాలరు దులుపుకొనేవాడు. ఎవరైనా ఊరడిగితే "అవతలండీ" అని ఉత్తరం వైపు చెయ్యి చూపేవాడు. ఆ ఏడు, చనిపోయినవాళ్ల సమాధులకి సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండక్కి, అతనికి సెలవు దొరకలేదు. తల్లి పోయాక అదే మొదటి పండగ. ఊళ్లో ఆమెకి కొవ్వొత్తి వెలిగించేవాళ్లు ఇంకెవరూ లేరు. పొద్దుటి షిఫ్టు దిగి, సున్నం బకెట్టుతో కొండపల్లి సమాధుల తోటకి వెళ్లాడు. నాచుపట్టి, దిక్కులేనట్టున్న సమాధినొకదాన్ని గీకి సున్నం వేశాడు.

అది ఆరకముందే పూలబుట్టతో ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది.

"మా నాన్నకి మీరేమవుతారండీ? మా తమ్ముళ్లెవరూ ఇంత నున్నగా వెయ్యలేదే."

మరియదాసు కుంచె వెనక్కి దాచుకున్నాడు. "ఎవరూ రారనుకున్నానండీ. మా అమ్మ అక్కడ ఉండిపోయింది, పాలకొండలో."

"పేరు?"

"లూర్దమ్మ."

"చేతులు కడుక్కోండి, ఫాదర్‌గారొచ్చే వేళయింది" అని ఆవిడ గుడివైపు నడిచింది.

పొద్దువాలాక ఫాదర్ చనిపోయినవాళ్ల పేర్లు చదివారు. ఆవిడ తండ్రి ఇన్నయ్య పేరు తర్వాత "పాలకొండ లూర్దమ్మ" అని వినిపించింది. ఆమె మొహమైనా ఎరగని జనమంతా "నిత్య విశ్రాంతి దయచేయండి" అన్నారు. మరియదాసు వాళ్లవైపు తిరిగి చూస్తుండగానే ఫాదర్ ఇంకో పేరు చదివేశారు. ఆ పేరెవరిదో అతనికి తెలీదు. దానికే అందరికన్నా గట్టిగా బదులు పలికాడు.