చుస్నీకి కట్టిన నల్లతాడు

మీ ఆవిడ ఏం చేస్తారని ఎవరైనా అడిగితే, పదకొండేళ్ళపాటు నేను "ఇంట్లోనే ఉంటుంది" అని చెప్పాను. అబద్ధం కాదు. జనక్‌పురిలో మా కింది అంతస్తు ఫ్లాట్‌లో, ముందు గదిలోనే ఉంటుంది కస్తూరి. ఆవిడతోపాటు పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఊళ్ళోవాళ్ళ పిల్లలు అయిదారుగురు ఉంటారు. వాళ్ళ ముక్కులు తుడవడం, ముడ్లు కడగడం, పప్పన్నం మెత్తగా పిసికి పెట్టడం ఆవిడ పని. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన నాగభూషణం భార్య చేయవలసిన పనేనా ఇది అని నాకు నామోషీగా ఉండేది. ఆ నాగభూషణాన్ని నేనే. మనుషుల్ని చులకనగా చూడడం నాకు మొదటినుంచీ ఉన్న గుణం. ఆఫీసులో దానివల్ల మంచి పేరే వచ్చింది.

కస్తూరిది పిఠాపురం. పెళ్ళయి ఢిల్లీ వచ్చేనాటికి హిందీలో కూరగాయలు బేరమాడడం కూడా రాదు. తర్వాత పక్క బ్లాకులో ఒక పిల్లల డాక్టరమ్మ క్లినిక్‌లో పేర్లు రాసుకునే ఉద్యోగం చేసింది. ఏడేళ్ళు పేర్లు రాస్తూ చెవులు మాత్రం లోపలి గదిలో పెట్టింది. డాక్టరమ్మ క్లినిక్ మూసేశాక, అక్కడ ఈవిడని ఎరిగిన తల్లులు పిల్లల్ని తెచ్చి మా గుమ్మంలో దింపడం మొదలుపెట్టారు. అలా మొదలైంది మా ఇంట్లో క్రెష్. దానికి బోర్డు లేదు. బోర్డు నేనే పెట్టనివ్వలేదు.

పిల్లల్లో సగంమంది నోట్లో రబ్బరు పీకతో వచ్చేవాళ్ళు. మా వైపు తేనెపీక అనేవారు, ఇక్కడ చుస్నీ అంటారు. ఒక్కొక్కళ్ళ చుస్నీకి ఒక్కొక్క చిన్న స్టీలు డబ్బా, డబ్బా మీద పేరు. పొద్దున్నే కస్తూరి ప్రతి చుస్నీనీ వేడినీళ్ళలో వేసి తీసి, వెలుతురుకి పెట్టి చూసి, రబ్బరును నాలుగువైపులా గట్టిగా లాగేది. ఎక్కడైనా చీలిక కనిపిస్తే ఆ ముక్క ఊడి పిల్లవాడి గొంతులోకి పోతుందని చెప్పి, అక్కడే చెత్తబుట్టలో పడేసేది. రెండుమూడు భాగాలు అతికించినవి, గజ్జెలవి, లైట్లు వెలిగేవి గుమ్మంలోంచే తిప్పి పంపేది. నోటికన్నా పెద్ద బిళ్ళ ఉండాలి, బిళ్ళకి గాలి ఆడే కన్నాలు ఉండాలి. తేనెలో ముంచి ఇస్తామంటే ఆ తల్లిని కూర్చోబెట్టి అరగంట క్లాసు పీకేది. అన్నిటికన్నా ముఖ్యం, ఏ చుస్నీకీ తాడు ఉండకూడదు. తాడు ఎక్కడైనా తట్టుకుంటే పిల్లవాడికి ఉరి పడుతుంది, అరవడానికి కూడా వీలుండదు అనేది.

మాన్పించడం కూడా ఆవిడ దగ్గర ఒక పద్ధతిలో సాగేది. వేపాకు రసం పూయడం, కాకి ఎత్తుకుపోయిందని బెదిరించడం లేదు. మొదట ఆటల్లో ఉన్నంతసేపు డబ్బాలోకి పోతుంది. తర్వాత మధ్యాహ్నం పరుపు మీద మాత్రమే. ఆ తర్వాత నిద్రపట్టగానే మెల్లగా తీసేయడం. అడిగి ఏడిస్తే ఎత్తుకుని తిప్పడం, పిండుకోవడానికి ఒక తడిగుడ్డ ఇవ్వడం. నెల, నెలన్నర పట్టేది. నేను గదిలో పేపరు చదువుకుంటూ, రబ్బరుముక్క మాన్పించడానికి ఇంత తతంగమా అని నవ్వుకునేవాణ్ణి. ఈ తతంగం సాయంత్రం ఆరున్నర దాకానే. ఇంటికెళ్ళాక తల్లిదండ్రులకి ఆఫీసు కాల్ ఉంటుంది, పిల్లవాడు నోరు తెరుస్తాడు, సీసాకి బిరడా బిగించినట్టు చుస్నీ బిగిస్తారు. పొద్దున్న మళ్ళీ మొదటికి. ఇలాంటివాళ్ళే శని ఆదివారాల్లో పిల్లల పెంపకం మీద వీడియోలు చూసి కస్తూరికి పంపేవాళ్ళు.

ఆ జాతిలోకెల్లా మేలుజాతి ఉదయ్‌కిరణ్, తేజశ్రీ. ఇద్దరూ గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్. కొడుకు చైతుకి రెండేళ్ళ రెండు నెలలు. తెలుగులో చెప్పింది అర్థం చేసుకుంటాడు, చుస్నీ తీసినప్పుడు హిందీలో రెండు ముక్కలు మాట్లాడతాడు. ఉదయ్‌కిరణ్ తల్లి ఛాయాదేవి ఒంగోలునుంచి వచ్చి రెండు నెలలుండి వెళ్ళింది. వెళుతూ వెళుతూ మనవడి మెడలో దిష్టికి నల్లతాడు కట్టింది, దానికి వెండి తాయెత్తు. చుస్నీ మాటిమాటికీ కింద పడుతోందని దాన్ని కూడా ఆ తాడుకే ముడేసింది. స్నానానికి కూడా తాడు తీయకూడదని ఆజ్ఞ.

కస్తూరి మొదటిరోజే గుమ్మంలో ఆపింది.

"తాయెత్తు కావాలంటే మొలతాడుకి కట్టమ్మా. మెడలో తాడుతో నా గుమ్మం లోపలికి రానివ్వను."

"అత్తయ్యగారు ఒప్పుకోరు ఆంటీ. మెడలోనే ఉండాలంట," అంది తేజశ్రీ.

"నీ మెడలో ఆఫీసు కార్డు ఉంది చూడు. దాని తాడుకి వెనకాల క్లిప్పుంది. దేనికైనా తట్టుకుంటే ఊడొచ్చేస్తుంది. నీలాంటి పెద్దదానికే మీ కంపెనీవాళ్ళు అంత జాగ్రత్త పడ్డారు. పసోడికి మీరు మూడు ముళ్ళేశారు."

తేజశ్రీ కార్డు వైపు చూసుకుని వెళ్ళిపోయింది. లక్షమందికి పనికొచ్చే ప్రోగ్రాములు రాస్తుందట, అత్తగారికి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పలేదు. కస్తూరి రోజూ పొద్దున్న తాడు విప్పి డబ్బాలో పెట్టేది, సాయంత్రం వాళ్ళ చేతికి ఇచ్చేది. గుమ్మం దాటగానే వాళ్ళు మళ్ళీ కట్టేవాళ్ళు. మూడు వారాలు ఇలాగే నడిచింది. ఒకరోజు ఒంగోలునుంచి ఛాయాదేవి మా ఫోన్‌కే వీడియో కాల్ చేసి, మనవడి బోసిమెడ చూసి గగ్గోలు పెట్టింది.

ఆ సాయంత్రం ఉదయ్‌కిరణ్ కస్తూరితో మాట్లాడకుండా తిన్నగా నా గదిలోకి వచ్చాడు.

"సర్, మీరు గవర్నమెంట్‌లో పెద్ద పోస్టు చేశారు. ఇలాంటివి మీకు తెలుసు. ఆంటీకి రిస్క్ గురించి భయం. ఆ రిస్క్ మేం తీసుకుంటాం అని రాసిస్తే సరిపోతుంది కదా, సర్."

రిటైరయ్యాక నన్ను సర్ అన్నవాడు బ్యాంకు గార్డు తర్వాత వీడే. నాకు ప్రాణం లేచొచ్చింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, భాష నేనే చెప్పి రాయించాను. పిల్లవాడి మెడలోని తాడువల్ల ఏ ప్రమాదం జరిగినా పూర్తి బాధ్యత తల్లిదండ్రులదేననీ, క్రెష్ నిర్వాహకులకు ఎటువంటి సంబంధం లేదనీ. రెండు కాపీలు, రెండు సంతకాలు, తేదీ. ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసులో ఏ చిక్కునైనా నేను ఇలాగే పరిష్కరించాను. సంతకం ఎవరిదో ఉంటే తప్పు మనది కాదు.

కస్తూరి ఆ కాగితం చదివింది. "వాడి పీకకి బిగుసుకున్నప్పుడు ఈ కాగితం అడ్డం పడుద్దా?" అని అడిగి, నా చేతికిచ్చి, పిల్లల గిన్నెలు కడుక్కోడానికి వెళ్ళింది. ఆడవాళ్ళకి కాగితం విలువ తెలియదని అనుకుని ఫైల్లో పెట్టుకున్నాను. ఆవిడ మాత్రం మర్నాడు పొద్దున్న మామూలుగానే తాడు విప్పింది.

తర్వాతి వారంలో ఒక మధ్యాహ్నం నేహా అనే మూడేళ్ళ పిల్ల గడప మీద పడి గడ్డం చీరుకుంది. రక్తం ఆగలేదు. కస్తూరి పిల్లని భుజాన వేసుకుని, పై అంతస్తు సరోజినిగారిని పిలవబోయింది.

"నలుగురూ నిద్రపోతున్నారు. నిద్రపోయేవాళ్ళని చూడ్డానికి ఇంకో మనిషెందుకు? నేను లేనా?" అన్నాను.

"చైతు లేస్తే చుస్నీ కావాలంటాడు. చేతికివ్వండి. పడేస్తే కడిగివ్వండి. అంతకుమించి ఏం చెయ్యకండి," అని చెప్పి ఆసుపత్రికి ఆటో ఎక్కింది.

పావుగంటకి చైతు లేచాడు. చుస్నీ ఇచ్చాను. పడేశాడు. వంగి తీసి, కడిగి ఇచ్చాను. మళ్ళీ పడేశాడు. అది వాడికి ఆట, నాకు మోకాళ్ళ నొప్పి. మూడోసారి వంగడం నా హోదాకి తగదనిపించింది. డబ్బాలోంచి నల్లతాడు తీశాను. చుస్నీ దానికి ముడేసి, తాడు వాడి మెడలో వేసి, వెనకాల గట్టిగా మూడు ముళ్ళు వేశాను. వాళ్ళ సంతకం నా దగ్గరుంది కదా అని ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను. తర్వాత నా గదిలోకి వెళ్ళి పేపరు తీశాను.

ప్లాస్టిక్ స్టూలు పడిన చప్పుడు వినిపించింది. పిల్లవాడు పడితే ఏడవాలి. ఏడుపు వినిపించలేదు. నా జీవితంలో నేను పరిగెత్తింది అప్పుడే.

చైతు స్టూలెక్కి బీరువా తలుపు లాగినట్టున్నాడు. తాడు హ్యాండిల్‌కి తగులుకుంది, స్టూలు కిందనుంచి జారిపోయింది. వాడి కాళ్ళు నేలకి జానెడు ఎత్తులో కొట్టుకుంటున్నాయి. మొహం కమిలిపోయింది. వాణ్ణి పైకెత్తి పట్టుకుని ఒక చేత్తో ముడి విప్పబోయాను. రాలేదు, నేను వేసిన ముడి. కత్తెర పిల్లలకి అందకుండా వంటింట్లో పై అరలో ఉంది. చివరికి తాడునే హ్యాండిల్‌నుంచి తప్పించాను. వాడు ఒకసారి గొంతులోంచి ఈల వేసినట్టు ఊపిరి లాగాడు, తర్వాత ఏడ్చాడు. మిగతా ముగ్గురూ లేచి వాళ్ళూ ఏడుపు మొదలుపెట్టారు. వాణ్ణి వదిలి లేవలేక ఆ ముడి పళ్ళతో కొరుకుతూ నేల మీద కూర్చుని ఉండగా కస్తూరి నేహాని ఎత్తుకుని వచ్చింది.

తాడు కోసింది. వాడి మెడ వెలుతురుకి తిప్పి చూసింది, ఒక చివరినుంచి రెండో చివరిదాకా ఎర్రని వాత. నీళ్ళు తాగించి మింగగలుగుతున్నాడో లేదో చూసింది. సరోజినిగారిని కిందికి పిలిచి పిల్లల దగ్గర కూర్చోబెట్టి, వాణ్ణి తీసుకుని మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళింది. నేను అక్కడే ఉన్నాను. గట్టి మనిషిని, ఖాళీగా ఉన్నాను. అయినా మోకాళ్ళు వాచిన డెబ్భై ఏళ్ళ ఆవిణ్ణి మెట్లు దింపించింది.

ప్రమాదం ఏమీ లేదన్నారు, ఒకటి రెండు రోజులు కనిపెట్టి చూడమన్నారు. చైతు తల్లిదండ్రులు అయిదింటికి వచ్చారు. కస్తూరి ఏదీ దాచలేదు.

"మా ఆయన కట్టారు. నా ఇంట్లో జరిగింది. తప్పు మాది. మీరు పోలీసుల దగ్గరికెళ్ళినా నేను ఇదే చెప్తాను," అంది.

తేజశ్రీ కొడుకుని గుండెలకి అదుముకుని గోడకి జారబడిపోయింది. ఉదయ్‌కిరణ్ కాసేపు పిల్లవాడి మెడవైపు, కాసేపు నావైపు చూశాడు.

"మీరేం వర్రీ అవకండి అంకుల్," అన్నాడు. "మేమే కదా సంతకం పెట్టాం."

ఆ మాట వినగానే నా గుండె కుదుటపడింది. హాయిగా ఊపిరి కూడా వదిలాను. తల ఎత్తితే కస్తూరి నన్నే చూస్తోంది. నా మొహంలో ఆ నిశ్చింత ఆవిడ చూసేసింది.

వాళ్ళు వెళ్ళిపోయాక, పరుపులు మడుస్తూ మామూలు గొంతుతోనే చెప్పింది. "మీరు తాడు కట్టారంటే, తెలీక చేశారు అనుకున్నాను. ఇందాక ఆ కుర్రాడు ఆ మాటంటే మీకు ప్రాణం కుదుటపడింది చూడండి, అది మాత్రం నేను మర్చిపోలేనండి. ఇన్నేళ్ళలో మిమ్మల్ని చూస్తే నాకు విసుగొచ్చింది, కోపమొచ్చింది. రోత పుట్టడం ఇవాళే."



ఛాయాదేవి ఫోన్‌లో, తాయెత్తు ఉండబట్టే మనవడు బతికాడని అందట. అంతకు నెల్లాళ్ళ ముందయితే ఆ మాట పట్టుకుని వారం రోజులు నవ్వేవాణ్ణి. ఆవిడ వెండిబిళ్ళని నమ్మింది, నేను తెల్లకాగితాన్ని నమ్మాను. నాకు చదువు కూడా ఉంది.

తేజశ్రీ మూడోరోజున చైతుని బోసిమెడతో తీసుకొచ్చింది. అత్తగారితో ఏం మాట్లాడిందో, ఎంత గొడవయిందో చెప్పలేదు. కళ్ళు వాచి ఉన్నాయి. ఇంట్లో కూడా చుస్నీ పడుకునేటప్పుడే ఇస్తామని, ఏడిస్తే కాల్ మధ్యలో లేస్తామని కస్తూరికి మాటిచ్చి, నిలబెట్టుకుంది. ఆ అమ్మాయిని నేను ఇన్నాళ్ళూ పురుగులా చూశాను. మారడానికి తనకి రెండు రోజులే పట్టింది. నెల తిరక్కుండా చైతు చుస్నీ మానేశాడు. ఇప్పుడు నోరు మూయడు. నన్ను చూస్తే మాత్రం కస్తూరి చీర కుచ్చిళ్ళ వెనక్కి వెళ్ళి నిలబడతాడు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే మా ఆవిడ పిల్లల్ని చూసుకుంటుందని చెబుతున్నాను. కొన్నాళ్ళుగా అన్నం గిన్నెలు నేనే కడుగుతున్నాను, గుడ్డలు ఆరేస్తున్నాను. వద్దనదు, కావాలనీ అనదు. నాతో కూరల సంగతి, కరెంటు సంగతి మాట్లాడుతుంది, వేళకి కాఫీ ఇస్తుంది. నిన్న మధ్యాహ్నం పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయి. చైతు ఆవిడ ఒళ్ళో ఉన్నాడు, మరో పిల్ల పక్కన పాకుతోంది. నేనే వెళ్ళి కట్టేయొచ్చు, కానీ పిల్లల్ని నా చేతికిస్తుందేమోనని చేతులు చాపి ఎదురుగా నిలబడ్డాను, ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కట్టేసి రావడానికి అర నిమిషం పట్టదు. కస్తూరి నావైపు చూసి, పిల్లల్ని కాస్త దగ్గరకి లాక్కుని, పాలు పొంగిపోనిచ్చింది.