బెల్లం రుచి చూసిన నేరం

నా చిన్నప్పుడు మా ఊరి నుంచి చంద్రగిరికి పోయే దారిలో ఒక బెల్లం కొట్టు ఉండేది. ఆ కొట్టాయన పోయి ఎన్నేళ్ళో అయింది. ఆయన మీద నా కోపం మాత్రం ఇంకా పోలేదు. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. నేను తిడతాను.

అవి యుద్ధం రోజులు. చక్కెర కంటబడటమే కష్టం, ఏ పిండివంటకైనా బెల్లమే దిక్కు. మా వైపు బెల్లానికి ఒక జబ్బు ఉంది. చవుడు నేలలో పండిన చెరకుతో వండితే ఉప్పగా వస్తుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు, మిసమిసలాడుతూనే ఉంటుంది. నాలుక మీద పెడితే గానీ దాని గుట్టు బయటపడదు. అందుకని దిమ్మ మూల కాస్త గిల్లి నోట్లో వేసుకున్నాకే బేరం మొదలుపెట్టడం మా ఆడవాళ్ళందరికీ అలవాటు. ఏ కొట్టువాడూ కాదనేవాడు కాదు.

మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, అప్పుడు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. అత్తగారి వాళ్ళు ఆమెను చూడటానికి నాయుడుపేట నుంచి వస్తున్నారని కబురు వచ్చింది. వాళ్ళకు కజ్జికాయలు చేయాలని బెల్లం కోసం మా అమ్మను కన్న అవ్వా, చిన్నమ్మా బయలుదేరితే, కొంగు పట్టుకుని నేనూ పోయాను. కొట్టు చేరేసరికి ఎండకు చిన్నమ్మ ముఖం వాడిపోయింది. అయినా పని మరిచిపోలేదు. ముందున్న దిమ్మ మూల గిల్లి నోట్లో వేసుకుని ముఖం చిట్లించింది. "ఉప్పగా ఉండాది అమ్మా, వద్దు" అంది. చుట్టూ బేరమాడుతున్న వాళ్ళందరూ ఎత్తుకున్న దిమ్మలు కింద పెట్టేశారు.

అదీ కొట్టాయనకు మండిన చోటు. గిల్లినందుకు కాదు, ఆ మాట నలుగురిలో పైకి అన్నందుకు. "తినేసి వద్దంటావా? దుడ్డియ్యకుండా తింటే దొంగతనం గాదా? యాడికీ పోనియ్యను" అంటూ దిగివచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు. మనిషిని పరుగెత్తించి గ్రామ మునసబును పిలిపించాడు.

ఆ రోజుల్లో చిల్లర దొంగతనానికి పోలీసుల దాకా పోనక్కరలేదు. మునసబు తలుచుకుంటే మనిషిని ఒక పూట ఊరి చావడిలో కూర్చోబెట్టేవాడు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ తొంగి చూసి పోతారు. కడుపుతో ఉన్న పిల్ల దొంగ అనిపించుకుని చావడిలో కూర్చుంటే, ఆ సంగతి నాయుడుపేట చేరితే, అత్తగారు ఇక గడప ఎక్కనిస్తుందా? చిన్నమ్మ ఆ మాటే గొణుక్కుంటూ గోడకు చేరగిలబడింది.

మునసబు వచ్చి కొట్టు అరుగు మీద చతికిలబడ్డాడు. పక్కనే పప్పుల బస్తా మూతి తెరిచి ఉంది. కొందరు పుట్నాలంటారే, అవి. అడగడం లేదు, పెట్టడం లేదు, ఆయన చెయ్యి దానంతట అదే బస్తాలోకి పోయింది. గుప్పెడు తీసి, పొట్టు ఊది, నోట్లో పోసుకుని, నములుతూ విచారణ మొదలుపెట్టాడు. ఏమే నీ పేరు, ఎవరి కూతురివి, ఎన్నాళ్ళుగా ఈ పని అంటూ. ఎన్నాళ్ళుగా అట!

మా అవ్వ నోటికి ఊరు ఊరంతా జడిసేది. అలాంటి మనిషి ఆ వేళ ఎదురు మాట్లాడదే! పైగా చేతులు కట్టుకుని, "ఎండన పడి వచ్చినారు. తినండి సామీ, నిమ్మళంగా తిని చెప్పండి" అని ఆ బస్తాను ఆయన దగ్గరికి జరిపింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నకూతుర్ని దొంగ అంటుంటే ఆ మనిషికి మర్యాదలు చేస్తుందా అని అవ్వ మీద కూడా పళ్ళు నూరాను. ఆయన ఇంకో గుప్పెడు తీశాడు. ఆపైన ఇంకోటీ తీశాడు.

చివరికి తీర్పు చెప్పాడు. రుచి చూసినా తిన్నట్టేనట. దుడ్డు చేతిలో పడకముందే కొట్టు సరుకు నోట్లో పడితే దొంగతనమేనట. పొద్దు గూకేదాకా చావడిలో కూర్చోవాలట.

"ఆ మాట అందరికీ వినపడేటట్టు ఇంకొకసారి చెప్పండి సామీ" అంది అవ్వ. ఆయన చెప్పాడు, నోటి నిండా పప్పులతో.

"సరే సామీ. చావడిలో ఇద్దరికి చోటుండాదా?"

"ఇద్దరెవురే?"

"మా బిడ్డ గిల్లింది గోరంత. తమరు మేసింది చేరెడు. దుడ్డెప్పుడిచ్చినారు?"

నములుతున్న దవడ ఆగిపోయింది. కొట్టాయన ముందుకొచ్చి, ఆయనకు పెట్టుకోవడం నా ఇష్టం అన్నాడు. అవ్వ అటు తిరిగింది. "నువ్వు పెట్టింది యాడ సూసినామబ్బా? ఆయప్పే తీసుకున్నాడు. నువ్వు రుచి సూడమని జనం ముందర పెట్టింది ఆ దిమ్మని. నీ ఇష్టమే సట్టమయితే ఇంక మునసబెందుకు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మునసబు పంచె దులుపుకుని లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, పొండి పొండి అంటూ వెళ్ళిపోయాడు. కొట్టాయన మాత్రం, మీ ఇంటివాళ్ళెవరూ మళ్ళీ నా కొట్టు ఎక్కొద్దని అరిచాడు. అవ్వ తొందరపడలేదు. అదే దిమ్మ ఇంకో మూల గిల్లి నాలుక మీద పెట్టుకుని, వాడి గుమ్మంలోనే తుపుక్కున ఉమ్మింది. "ఉప్పే" అంది.

దారంతా నేను గంతులేస్తూ నడిచాను. చిన్నమ్మ ఏడుస్తూనే ఉంది. గెలిచినాము కదే, ఎందుకేడుస్తావు అని అవ్వ కసిరితే, "నన్ను దొంగ అన్నాడమ్మా, అందరి ముందరా" అంది. మునసబు మమ్మల్ని పొమ్మన్నాడు గానీ ఆ మాట పోలేదు. ఆ తర్వాత చిన్నమ్మ బతికినంత కాలం ఏ కొట్లోనూ ఏదీ రుచి చూడలేదు. ఉప్పు బెల్లం అంటగట్టినా నోరెత్తకుండా తెచ్చుకునేది. నా కోపం అందుకే చల్లారదు.

అవ్వ నేర్పింది మాత్రం నాతో ఉండిపోయింది. ఎక్కడైనా నలుగురూ చేరి ఒక లేనింటి ఆడదాన్ని దొంగ అంటుంటే, అందరూ ఆమె చేతుల వైపు చూస్తారు. నేను తీర్పు చెప్పేవాడి దవడ వైపు చూస్తాను. ఇప్పుడు నాకు కళ్ళు సరిగా ఆనవు. ఆ నమలడం మాత్రం ఇంకా ఆనుతూనే ఉంది.