బావ కారుకు క్యామ్‌షాఫ్ట్ బేరం

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, ఎదుటివాడి సొమ్ము చూసి కుళ్లుకోవడం మాకు చాలా చౌకగా దొరికే వినోదం. పక్కింటివాళ్లు కలర్ టీవీ కొంటే వారం రోజులు, స్కూటర్ కొంటే నెల రోజులు హాయిగా సరిపోయేది. కానీ మా మేనత్త కొడుకు ఏకంగా కారు కొన్నాడు. అదీ మామూలు కారా? రెండే సీట్లు, పైకప్పు లేని విలాయతీ స్పోర్ట్స్ కారు, ఎర్రటిది. ఎప్పుడో మా తాతలు సూరత్ వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడం మొదలుపెట్టిన కాలంలో తయారైందట. ఆ కుళ్లు నాకు ఎన్ని నెలలైనా తీరేది కాదు.

పైగా దాన్ని ముందు చూసింది నేను. వరాఛాలో ఒక వజ్రాల సేఠ్ గోదాములో గోనెపట్టాల కింద పడి ఉండేది, ఇంజిన్ పట్టేసి. నేను సలాబత్‌పురాలో మా నాన్న నడిపే సాంచాల విడిభాగాల కొట్లో, గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. (నడక కంటే ముందు బేరం నేర్చానని మా అమ్మ అంటుంది. నేను కాదనను.) కొనదలచిన వస్తువును పొగడకూడదనేది మా కొట్టు నీతి. ఎంత నచ్చితే అంత తిట్టాలి. అందుకని ప్రతి ఆదివారం సేఠ్ దగ్గరికి వెళ్లి కారులో ఒక కొత్త వంక చూపించి, పెదవి విరిచి వచ్చేవాణ్ణి. ఇంకొన్ని ఆదివారాలైతే మనిషి తప్పక దిగివస్తాడని నా లెక్క. ఒకసారి తోడుంటాడని బావను తీసుకెళ్లాను. పాండేసరలో రంగుల మిల్లులో ఫిట్టరు కదా, నాలుగు వంకలు ఎక్కువ చూపిస్తాడనుకున్నాను. మర్నాడు పొద్దున ఆ మహానుభావుడు ఒక్కడే వెళ్లి కారు కొనేశాడు.

"అడిగినంత ఇచ్చినవా బావా?" అన్నాను.

"మరి ఆయన గంతే అన్నడు గద!"

ఆ జవాబుకు నాకు మూడు పూటలు అన్నం సయించలేదు. కారు పోయినందుకు ఎంత బాధో, బేరమాడకుండా పోయినందుకు అంతకు రెట్టింపు. మా అమ్మేమో వడ్డించినప్పుడల్లా "సూడురా బావను, కారు కొన్నడు. నువ్వు ఆదివారం ఆదివారం పోయి ఏం జేస్తివి?" అని కూరతో పాటు దెప్పుడూ వేసేది. మా ఇంట్లో అందరి ముందూ ఒకరోజు నేను ఉండబట్టలేక, "ఆ తుక్కు ఇంజిన్ జన్మల నడవది" అన్నాను. బావ నవ్వాడు. "దసరాకల్లా నడవకపోతే కొన్న ధరకే నీకిస్త తియ్యి బామ్మర్ది" అన్నాడు. ఆ క్షణం నుంచి నేను దసరా కోసం ఎదురుచూసినంతగా ఏ భక్తుడూ చూసి ఉండడు.

కానీ బావ చేతిలో ఏదో మహిమ ఉండేది. మిల్లు నుంచి రాగానే ఇంజిన్ ముందు కూర్చునేవాడు. పట్టేసిన పిస్టన్లు ఊడదీశాడు, మామూలు రకానివే కొత్తవి వేశాడు. చివరికి మిగిలింది క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే, పాతది అరిగిపోయింది. సాంచాలో టాపెట్ తిరిగి దారాలను ఎత్తి దించినట్టు, ఇంజిన్లో వాల్వులను ఎత్తి దించే కడ్డీ అది. నాన్‌పురాలో అందరూ బావాజీ అని పిలిచే ఒక ముసలి పార్సీ దగ్గర అలాంటి సామాను దొరుకుతుందని తెలిసింది. ఆయన వయసులో ఉండగా కార్ల పందేలకు వెళ్లినవాడు. "బేరానికి నువ్వే రావాలె" అన్నాడు బావ. వస్తానన్నాను. అన్నానే గానీ, ఒకరోజు ముందే ఒక్కణ్ణే వెళ్లి ఆరా తీశాను.

బావాజీ దగ్గర రెండున్నాయి. ఒకటి పందేలది. వాల్వులను చాలాసేపు తెరిచి ఉంచుతుందట, అందుకని ఇంజిన్ గిర్రున తిరుగుతున్నప్పుడే దానికి బలం. మెల్లగా పోతే ఊపిరాడక ఆగిపోతుంది. దానికి తగ్గ పిస్టన్లు, గట్టి స్ప్రింగులు, పెద్ద కార్బురేటర్లు వేరే ఉండాలి. రెండోది మామూలు దానికంటే కాస్త హుషారైనది, ఊళ్లో తిరిగేవాడికి అదే సరి. వింటూ ఉంటే నా కళ్లముందు పందేల కడ్డీ వేసుకున్న బావ కారు, ఎడ్లబళ్లూ ఆటోరిక్షాలూ నిండిన సలాబత్‌పురా సందులో అడుగడుక్కీ ఆగిపోతూ కనిపించింది. ఆనందంతో ఆయన ఇచ్చిన చాయ్ రెండుసార్లు తాగాను.

ఇంటికొచ్చి, బజారులో ఎవరో అనగా విన్నట్టుగా బావతో, "పందేలదుందట బావా. పులి లెక్క ఉరుకుతదట" అన్నాను. బావ కళ్లు దీపాల్లా వెలిగాయి. నా పని సగమైపోయింది.

మర్నాడు బావాజీ నూనెగుడ్డ విప్పి పందేల కడ్డీని బల్ల మీద పెట్టాడు. ఎంత ముద్దుగా ఉందో! ధర చెప్పాడు. బావ మారుమాట్లాడకుండా జేబులో చెయ్యి పెట్టాడు. నేను నోరు మూసుకుని నిలబడితే చాలు, దసరాకు కారు నాది. కానీ, అడిగిన ధర అడిగినట్టే నా కళ్లెదుట చేతులు మారబోతుంటే నా ఒంట్లో రక్తం ఊరుకోలేదు.

"ఏంది బావాజీ, దీనికి గంత ధరనా?" అన్నాను. ఇక ఆగలేదు. "మెల్లగ పోతే ఊపిరాడది దీనికి. రిక్షా అడ్డమొస్తె బందయితది. మావోడు ఏసింది మామూలు పిస్టన్లు, వాటికిది కుదరనే కుదరది. స్ప్రింగులు కొత్తయి కావాలె, కార్బురేటర్లు మార్చాలె. పెట్రోలు చూస్తె నీళ్లు తాగినట్టు తాగుతది. దీన్ని సూరత్‌ల ఎవడు కొంటడు చెప్పు?"

బల్ల గుద్ది మరీ ముగించాను. ధర దిగుతుందని బావాజీ వైపు చూశాను. మాట్లాడింది మాత్రం బావ.

"గిట్లయితే ఇది నాకెందుకురా?" అని జేబులోంచి చెయ్యి తీసేశాడు.

"జర ఆగు బావా, నేను ధర కోసం..." అని నసిగాను.

"దీకరా, నేను చెప్దామనుకున్నదే ఈయన చెప్పిండు" అన్నాడు బావాజీ బావతో, కొడుకును పిలిచినట్టు పిలిచి, రెండో కడ్డీ బయటికి తీస్తూ. "హుషార్ మనిషి. నిన్న వచ్చి గంటసేపు కూర్చుని అన్నీ అడిగి పోయిండు."

బావ నావైపు తిరిగాడు. "నిన్ననే వచ్చి కనుక్కున్నవా? నా కోసం?" అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. తలూపాను. ఆ తర్వాత రెండో కడ్డీని కూడా శక్తికొద్దీ తిట్టి, ధర బాగానే దించాను. (నా కడుపు కొట్టుకునే పనైనా సరే, చేస్తే సరిగ్గా చెయ్యాలి కదా.)

దసరాకు ఇంకా వారముందనగా ఆ ఎర్రకారు మా కొట్టు ముందు ఆగింది. ఆగి, ఆగిపోకుండా గుర్రుమంటూ నిలబడింది. బజారంతా బయటికొచ్చింది. "మా బామ్మర్దే కాపాడిండు, లేకుంటే పందేలది ఏసుకుని మునుగుతుంటి" అని బావ అందరికీ చెబుతుంటే, మా నాన్న జన్మలో మొదటిసారి నన్ను గుమాస్తాల ఎదుట మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలును కాదనలేను, మింగలేను. ఆ సాయంత్రం బావ నన్ను ఎక్కించుకుని సముద్రం వైపు బయల్దేరాడు. డుమాస్ రోడ్డు ఖాళీగా కనిపించగానే బావ దిగి, "నువ్వు నడుపు" అని స్టీరింగు నాకిచ్చాడు. సముద్రం గాలి మొహాన కొడుతుంటే కారు పట్టు మీద కత్తెరలా సాగిపోయింది. నాది కాని బండి అంత బాగా ఎందుకు నడవాలో నాకు తిరుగుదారి పొడుగునా అర్థం కాలేదు.

తర్వాత నేనూ కార్లు కొన్నాను, అన్నీ బేరమాడి, అన్నీ నిక్షేపంగా నడిచేవే. ఇప్పుడు ఎవరి కొత్త కారు చూసినా "మైలేజీ ఎంతిస్తది?" అని మర్యాదగా అడిగి, వాళ్ల జవాబు పూర్తవకముందే మరిచిపోతున్నాను. పక్కవాడి బండి కోసం అన్నం మానేసి, దసరా కోసం రోజులు లెక్కపెట్టిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. నిజం చెప్పాలంటే, వాణ్ణి చూస్తే ఈమధ్య నాకు కాస్త కుళ్లుగా కూడా ఉంటోంది.